‘అంగ్రేజ్’ నవ్వులు: ఎవరిని చూచి ఎవరు నవ్వుతున్నారు?

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు. ఆ నాలుగు విధాలేవో సామెత చెప్పలేదు. నవ్వేవారి సరసన కూర్చున్నప్పుడు ఒక తీరుగాను, నవ్వులపాలైన వారి సరసన కూర్చున్నప్పుడు మరొక తీరుగాను ఆ సామెత అర్థమవుతుందన్న సంగతిని మాత్రం మన కళాశాల విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఇంట దక్కనీ మాట్లాడి, తరగతిలో గ్రాంథికమైన ఉర్దూ చదివి, బజారులో తెలుగు పలికి, పరీక్షను ఇంగ్లీషులో వ్రాసేవారు మనలో ఎందరో కలరు. నాలుగు భాషల నడుమ నాలుక ఒక్కసారి తడబడినప్పుడు ఎదుటివాడు నవ్వితే ఆ నవ్వు ఎక్కడ తగులుతుందో వారికి తెలుసు.

ఈ సంవత్సరం వసతిగృహంలోను, క్యాంటీనులోను, గ్రంథాలయం మెట్లమీదను అధికంగా చర్చకు వచ్చినది క్రికెట్టు కాదు, ఎన్నికలు కాదు. ఒక పాత హాస్యచిత్రం. దాని పేరు ‘ది అంగ్రేజ్’. విడుదలైనది 2006లో. అప్పటికి మనలో పలువురు పుట్టనే లేదు. పుట్టినవారు తల్లి ఒడి దిగలేదు. అయినను సెల్‌ఫోను తెరపై ఆ చిత్రాన్ని చూచి నవ్వని గది మన వసతిగృహంలో లేదు. వార్షికోత్సవం నాడు అదే ధోరణిలో ఒక దక్కనీ హాస్యనాటికను ప్రదర్శించాలని మిత్రులు కొందరు సంకల్పించారు. అది కళాశాల గౌరవానికి తగదన్న కారణంతో కార్యక్రమంనుండి తొలగింపబడినది. చర్చ అక్కడ మొదలైనది. ఉర్దూ విభాగంవారు, తెలుగు విభాగంవారు కలిసి కూర్చుండి, అన్ని పక్షాల మాటలు విని, తర్కించుకొని వ్రాసిన అభిప్రాయమిది. దీనిని పెద్దలపై ఫిర్యాదుగా కాక పెద్దల సమక్షంలో విన్నపంగా స్వీకరించవలెనని మనవి.

చిత్రం చూడనివారి సౌకర్యార్థం కథను క్లుప్తంగా చెబుతాము. అమెరికానుండి ఇద్దరు ప్రవాస యువకులు ఉద్యోగరీత్యా హైదరాబాదుకు వస్తారు. వారికి ఊరు కొత్త, ఊరికి వారు వింత. ఒకనాడు చార్మినారు చూడబోయి, ఆ పరిసరాలలో నిత్యం కూర్చుండి కబుర్లాడుకొనే ఇస్మాయిల్ భాయ్ బృందంతో తగవు తెచ్చుకుంటారు. పరువు పోయినదని తలచిన ఇస్మాయిల్ భాయ్ ప్రతీకారానికి ప్రతిజ్ఞ పూనుతాడు. మరొకవంక ఆ ప్రవాసులలో ఒకనిని డబ్బుకోసం అపహరించాలని వేరొక ముఠా పన్నాగం పన్నుతుంది. ఈ మూడు దారులు ఒకదానికొకటి అడ్డుపడగా పరుగులు, పడిపోవడాలు, ఒకరనుకొని మరొకరిని పట్టుకోవడాలు జరుగుతాయి. కథ ఇంతే. దర్శకత్వం కుంట నిఖిల్. ప్రవాసులలో ఒకనిగా నటించినది కూడ ఆయనే. ఇస్మాయిల్ భాయ్‌గా ధీర్ చరణ్ శ్రీవాస్తవ, సలీం ఫేకుగా మస్త్ అలీ నటించారు. పెద్ద తారలు లేరు, ఖరీదైన సెట్టింగులు లేవు, విదేశీ దృశ్యాలు లేవు. ఊరే రంగస్థలం, మాటే పెట్టుబడి. అదే 2006లో ‘హైదరాబాద్ నవాబ్స్’ వచ్చినది. ‘అంగ్రేజ్’కు 2015లోను, ‘నవాబ్స్’కు 2019లోను రెండవ భాగాలు వెలువడినవి. ఈ విధంగా హైదరాబాదీ భాషలో తక్కువ ఖర్చుతో తీసిన హాస్యచిత్రాల వరుస ఒకటి ఏర్పడినది. ‘అంగ్రేజ్’ గురించి చెప్పే మాట కొద్ది మార్పులతో ఆ వరుస అంతటికీ వర్తిస్తుంది.

ఇక ప్రేక్షకుల అభిప్రాయాలు. మేము విన్నవి స్థూలంగా మూడు విధాలు.

మొదటి పక్షంవారు ఈ చిత్రాన్ని సొంత ఇంటి ఫోటోవలె చూసుకుంటారు. “తెరమీద మా అమ్మ మాట్లాడే భాష విన్నాము, అది చాలు” అన్నది వీరి వాదసారం. హిందీ చిత్రాలలో వినిపించే భాష బొంబాయిది లేదా లక్నోది; తెలుగు చిత్రాలలో వినిపించేది కోస్తాది. ‘నక్కో’ అనే మాట, ‘హౌ’ అనే ఊకొట్టు, ‘కైకూ’ అనే ప్రశ్న వెక్కిరింపుగా కాక సహజ సంభాషణగా రెండు గంటలపాటు వినిపించిన చిత్రం తమకు ఇదేనని వారంటారు. వీరికి కథ బలహీనమైనా చింత లేదు, కెమెరా కదిలినా చింత లేదు. వీరు చిత్రాన్ని చూడరు, వింటారు అంటే సబబుగా ఉంటుంది.

రెండవ పక్షంవారు నొచ్చుకున్నవారు. వీరిలో ఉర్దూ సాహిత్యం చదివిన పెద్దలు కలరు. పాతబస్తీలో పుట్టి పెరిగి, కష్టించి పిల్లలను చదివించుకుంటున్న తల్లిదండ్రులు కలరు. భాష విషయంలో వీరి అభ్యంతరం ఒకటి: ఉచ్చారణ లేదు, వ్యాకరణం లేదు, దూషణలు మాత్రం పుష్కలం. రెండవ అభ్యంతరం మరింత బరువైనది: పాతబస్తీ యువకుడంటే పని లేక కూర్చుండి, గొప్పలు కోసి, కత్తి చూపి పారిపోయేవాడని లోకం నమ్మదా? ఒక విద్యార్థి తండ్రి మాతో అన్న మాట ఇక్కడ చెప్పదగినది: “మీరు నవ్వుకొని లేచి వెళ్తారు. ఉద్యోగమిచ్చేవాడు నవ్వుకొని కూర్చుంటాడు.”

మూడవ పక్షంవారికి ఈ చిత్రం గౌరవభంగమూ కాదు, ఇంటి ఫోటోయూ కాదు. అది కేవలం తమాషా. వీరు పాతబస్తీ ఎరుగరు, దక్కనీ ఎరుగరు. నాలుగు మాటలు బట్టీపట్టి మిత్రులను ఆటపట్టించడానికి ఉపయోగిస్తారు. మన పూర్వ విద్యార్థి యొకడు వేరే రాష్ట్రంలో ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోగా, ఊరు హైదరాబాదని తెలిసిన వెంటనే “ఆ భాషలో రెండు మాటలు చెప్పు, వింటాము” అన్నారట. అతడు చెప్పినాడు. వారు నవ్వినారు. ఆపైన ప్రశ్నలు అడిగినారు. ఇందులో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అయినను అతడు ఆ సంగతి మాకు చెప్పినప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు.

ఈ మూడు అభిప్రాయాలలో ఏది సత్యం? మూడింటిలోనూ కొంత ఉన్నదని చెప్పి తప్పుకోవడం సులభం. మేము అట్లు చేయదలచుకోలేదు. మొదటి పక్షం మౌలికంగా సరియైనదని, రెండవ పక్షంవారి వేదన న్యాయమైనదే గాని వారు చూపే మందు తప్పని, మూడవ పక్షంవారి నవ్వును మాన్పగలిగినది మౌనం కాదని మా నిశ్చితాభిప్రాయం. కారణాలు మనవి చేస్తాము.

మొదట భాష సంగతి. దక్కనీ అనగా చెడిపోయిన ఉర్దూ అనే అపోహ చదువుకున్నవారిలో సైతం ఉన్నది. చరిత్ర అందుకు విరుద్ధంగా చెబుతున్నది. 1591లో చార్మినారును కట్టించి హైదరాబాదు నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవి. ఆయన దీవాను దక్కనీలోనిది. 1635లో ముల్లా వజ్హీ ‘సబ్‌రస్’ అనే వచన గ్రంథాన్ని వ్రాసినది దక్కనీలోనే. ఢిల్లీలో ఉర్దూ కవిత్వం వేళ్ళూనక పూర్వమే గోల్కొండలోను, బీజాపూరులోను ఈ భాషలో కావ్యాలు వెలసినవి. అదే గోల్కొండలో కులీ తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొని కృతులు అంకితమిచ్చారు. తరువాతి కాలంలో ఉత్తరాది నుడికారం ప్రమాణం కాగా, దక్కనీ కొలువునుండి వంటింటికి, బజారుకు దిగినది. స్థానం మారినంత మాత్రాన భాష చెడిపోయినదనుట ఎట్లు? సింహాసనం దిగిన రాజును దొంగ అనరు గదా.

తెలుగు విభాగపు మిత్రులకు ఇక్కడ ఒక విశేషం చెప్పవలె. దక్కనీ వాక్యంలో మన తెలుగు వాక్యం కూర్చుని ఉన్నది. ‘వస్తానని చెప్పినాడు’ అన్న మాటలో ‘అని’ చేసే పనిని దక్కనీలో ‘బోల్‌కే’ చేస్తుంది: ‘ఆతూఁ బోల్‌కే బోలా’. ఉత్తరాది ఉర్దూలో ఈ నడక లేదు. ‘నక్కో’ మరాఠీనుండి వచ్చినది. మాటను నొక్కి చెప్పే ‘ఇచ్’ కూడ అంతే. తెలంగాణ తెలుగులో ‘జర’, ‘జల్ది’, ‘పరేషాన్’, ‘బేకార్’ ఎట్లు ఇంటిమాటలైనవో, దక్కనీలో తెలుగు, మరాఠీ పొందికలు అట్లే ఇంటివైనవి. ఇరుగుపొరుగువారు నాలుగు వందల ఏండ్లు ఒక బావినీళ్ళు త్రాగితే ఇట్టి భాష పుడుతుంది. దానిని చూచి సిగ్గుపడేవారు ఆ ఇరుగుపొరుగును చూచి సిగ్గుపడుతున్నారనియే మా భావన.

దక్కనీలో హాస్యం కూడ సినిమాలు తెచ్చిపెట్టినది కాదు. గుల్బర్గా ప్రాంతపు సులేమాన్ ఖతీబ్ దక్కనీలో వ్రాసిన కవితలు ముషాయిరాలలో జనాన్ని నవ్వించి, వెంటనే కంట నీరు పెట్టించినవి. హైదరాబాదులో 1962లో ఏర్పడిన ‘జిందా దిలానే హైదరాబాద్’ సంస్థ హాస్యానికే అంకితమైనది. ‘షుగూఫా’ అనే హాస్య మాసపత్రిక 1968నుండి ఈ నగరంలో వెలువడినది. హాస్యరచయిత ముజ్తబా హుస్సేన్‌కు 2007లో పద్మశ్రీ లభించినది. బబ్బన్ ఖాన్ 1965లో ప్రారంభించిన ‘అద్రక్ కే పంజే’ నాటకం ముప్పది ఏండ్లకు పైగా పది వేలకు మించిన ప్రదర్శనలు పొంది గిన్నిస్ గ్రంథంలోకెక్కినది. అందులోని కథ ఏమి? అధిక సంతానంతో, అప్పులతో సతమతమయ్యే ఒక పేద గుమాస్తా సంసారం. రాజసభ లేదు, ఖరీదైన తెరలు లేవు. ఇంత చరిత్ర గల హాస్యాన్ని ‘వీధి వెకిలితనం’ అని ఒక్క మాటతో కొట్టివేయడం భావ్యం కాదు.

రెండవది, దేహంతో చేసే హాస్యం సంగతి. పడిపోవడం, తన్నుకోవడం, ఒకరనుకొని మరొకరిని కొట్టడం మోటు హాస్యమని కొందరు ముఖం చిట్లిస్తారు. లారెల్, హార్డీలు జంటగా ప్రసిద్ధికెక్కినది 1927నుండి. వారి ‘ది మ్యూజిక్ బాక్స్’ 1932లో వచ్చిన చిన్న చిత్రం. ఒక పియానోను పొడుగాటి మెట్లమీదుగా పైకి చేర్చడానికి ఇద్దరు బీద మిత్రులు పడే పాట్లే దాని సర్వస్వం. దానికి ఆస్కార్ బహుమతి వచ్చినది. పియానో జారి క్రిందికి పోయిన ప్రతిసారి మనం నవ్వుతాము; కాని వారు తిరిగి మెట్లు ఎక్కుతారు, కలిసి ఎక్కుతారు. మన రేలంగి, రమణారెడ్డి జంట తెరమీదికి వస్తే తెలుగు ప్రేక్షకులు మాట వినక ముందే నవ్వినది కూడ ఒకరి పొడుగు ఒకరి లావును వెక్కిరించి కాదు. ఆ ఇద్దరి పొత్తును చూచి. ఇద్దరు కలిసి పడిపోతే హాస్యం, ఒక్కడు పడిపోతే అవమానం. ఈ భేదాన్ని గుర్తించనివారు దేహహాస్యాన్ని అంచనా కట్టలేరు.

‘అంగ్రేజ్’కు ప్రాణం ఆ పొత్తులోనే ఉన్నది. సలీం ఫేకు పేరులోనే అతని గుణమున్నది. ఫేకు అనగా మన కోతలరాయుడు. అతడు చెప్పే సాహసాలలో ఒక్కటీ జరిగినది కాదు. చుట్టూ కూర్చున్నవారికి అది తెలుసు. వారికి తెలుసునని అతనికీ తెలుసు. అయినను వారు వింటారు, అతడు చెబుతాడు. చేతిలో పైకము లేనివారికి మాటే ధనం. స్నేహితుడు కోసిన కోతను నమ్మినట్లు నటించడం ఆ ధనాన్ని మన్నించడం. ఇస్మాయిల్ భాయ్ కోపం కూడ అట్టిదే. అతని ప్రతిజ్ఞలు పెద్దవి, చేతలు చిన్నవి. అతని వెంట నడిచేవారికి అతనివల్ల లాభమేమీ లేదు, కష్టమే గాని. అయినను విడిచి పోరు. అవతల ప్రవాస మిత్రులిద్దరు కూడ అంతే: ఊరు తెలియదు, మాట సాగదు, ఒకరికొకరే దిక్కు. ఈ రెండు జట్ల స్నేహాలను ఎదురెదురుగా నిలిపి నవ్వించడంలోనే దర్శకుని నేర్పు ఉన్నది.

మరొక సంగతి గమనించవలె. చిత్రానికి ‘ది అంగ్రేజ్’ అని పేరు పెట్టినది చార్మినారు దగ్గర కూర్చున్నవారిని ఉద్దేశించి కాదు. ఇంగ్లీషు మాట్లాడుతూ వచ్చిన ప్రవాసులను ఉద్దేశించి. అనగా వెక్కిరింపు ఇరుపక్కలకూ పోతున్నది. ఇస్మాయిల్ భాయ్ కోతలను చూచి ప్రవాసులు నవ్వితే, ప్రవాసుల తడబాటును చూచి చార్మినారు నవ్వుతున్నది. 1965లో వచ్చిన ‘గుమ్‌నామ్’లో మహమూద్ హైదరాబాదీ ధోరణిలో మాట్లాడి దేశాన్నంతటినీ నవ్వించారు. ఆయన నటన గొప్పదే. అయితే అక్కడ ఆ భాష మాట్లాడినది వంటవాడైన సేవకుడొక్కడే. చుట్టూ ఉన్న దొరలు, దొరసానులు వేరే భాష మాట్లాడారు. ‘అంగ్రేజ్’లో ఈ అమరిక తలక్రిందులైనది. ఆ ఊరిలో ఆ భాష రానివాడే అల్పుడు. వేడుకకోసం తెచ్చిన అతిథికి, ఇంటి యజమానికి ఉన్నంత భేదం ఈ రెండింటికి కలదు.

నటుల పేర్లు కూడ ఇక్కడ కొంత చెబుతున్నవి. ఇస్మాయిల్ భాయ్ వేషం ధీర్ చరణ్ శ్రీవాస్తవది, సలీం వేషం మస్త్ అలీది. పేర్లు చూచి మనిషిని విభజించే కాలంలో, రెండు ఇళ్ళనుండి వచ్చిన ఇద్దరు నటులు ఒకే పేట కుర్రవాళ్ళుగా, ఒకే భాషతో, ఒకరి భుజంమీద ఒకరు చేయి వేసుకొని కూర్చుంటే ప్రేక్షకుడు అనుమానించలేదు. పెద్ద పెద్ద సభలలో మతసామరస్యంపై ఉపన్యాసాలు వింటాము, చప్పట్లు కొడతాము. ఇక్కడ ఉపన్యాసం లేదు, చప్పట్లు లేవు. పని మాత్రం జరిగినది.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక తప్పు చెప్పక తప్పదు. రెండవ పక్షంవారి వేదన న్యాయమైనదని ముందే అన్నాము. ఈ చిత్రాలలో చార్మినారు ఉన్నది గాని, దాని చుట్టూ పనిచేసే జనం కానరారు. ఆ కట్టడానికి పడమట లాడ్ బజారున్నది. అక్కడ లక్కగాజులకు రాళ్ళు పొదిగేవారు పొద్దస్తమానం వంచిన తల ఎత్తరు. పత్తర్‌గట్టిలో ముత్యాల వ్యాపారులున్నారు. ఛత్తా బజారులో అక్షరాన్ని అందంగా వ్రాసి అచ్చువేసి బ్రతికే కుటుంబాలున్నవి. వారి పిల్లలు మన తరగతులలో ఉన్నారు. ఈ పనివారు తెరమీద లేరు, పనిలేనివారే ఉన్నారు. ఒక్క చిత్రం అట్లుంటే అది కథ. వరుసగా వచ్చినవన్నీ అట్లే ఉంటే అది ముద్ర. స్త్రీల సంగతి చెప్పనక్కరలేదు. ఇంట దక్కనీని నిలబెట్టినది అమ్మమ్మలు, నానమ్మలు కాగా, ఈ చిత్రాలలో వారి గొంతు దాదాపు వినబడదు. ‘అంగ్రేజ్’ను చూచి తీసిన అనుకరణలలో మరొక లోపం. అవి కోతలను, దూషణలను పట్టుకున్నవి. కోతను ఓపికగా వినే మిత్రుని విడిచిపెట్టినవి. స్నేహం పోయిన తరువాత మిగిలినది రౌడీతనమే. దానికి నవ్వు రాదు; వచ్చినా నిలువదు.

అయితే దీనికి మందు ఏమి? చూపవద్దనుట, మాట్లాడవద్దనుట మందు కాదు. తెలుగువారి అనుభవమే ఇందుకు నిదర్శనం. దశాబ్దాల పాటు తెలుగు చిత్రాలలో తెలంగాణ మాటను రౌడీకో, పనివానికో, హాస్యగానికో కట్టబెట్టారు. తెలంగాణ విద్యార్థి కోస్తా కళాశాలలో నోరు విప్పడానికి జంకిన రోజులు మన అధ్యాపకులకు గుర్తే. ఆ జంకు పోయినది తెలంగాణ మాటను దాచుకోవడంవల్ల కాదు. ఆ మాటతో అన్ని రకాల పాత్రలూ తెరకెక్కడంవల్ల. 2021లో వచ్చిన ‘జాతిరత్నాలు’ చూడండి. జోగిపేటనుండి పట్టణానికి వచ్చిన ముగ్గురు అమాయక మిత్రులు. తెలివి తక్కువ, స్నేహం ఎక్కువ. పడిపోవడాలు, తికమకలు అందులోనూ ఉన్నవి. దానిని చూచి తెలుగు ఇళ్ళన్నీ నవ్వినవి. జోగిపేట పరువు పోయినదని ఎవరూ అనుకోలేదు. ఎందుకు? అప్పటికే తెలంగాణ మాటతో వీరులు, ప్రేమికులు, తల్లులు, అధికారులు తెరమీద కనిపించి ఉన్నారు. పదిరకాల మనుషులున్న ఊరిలో ముగ్గురు మూర్ఖులుంటే ముద్దు. మూర్ఖులు తప్ప మరెవరూ కనిపించని ఊరికి అది మచ్చ. దక్కనీకి కావలసినది తక్కువ చిత్రాలు కాదు, ఎక్కువ రకాల పాత్రలు.

ఆ భాష అంతటి బరువును మోయగలదా అన్న సందేహం అక్కరలేదు. హైదరాబాదులో పెరిగిన శ్యామ్ బెనెగల్ 1974లో తీసిన ‘అంకుర్’లో పాత్రలు దక్కనీ మాట్లాడినవి. అది నవ్వించే చిత్రం కాదు; భూస్వామి దౌర్జన్యాన్ని, ఒక పేదరాలి వేదనను చూపిన చిత్రం. ఆ భాషలో ఏడ్చినప్పుడు ఎవరూ నవ్వలేదు. కనుక లోపం భాషలో లేదు, దానిచేత మనం చేయించే పనిలో ఉన్నది.

ఇప్పుడు మన కళాశాల విషయానికి వస్తాము. పాలకవర్గంవారు మా క్షేమం కోరియే ఆ నాటికను తొలగించారని మేము విశ్వసిస్తున్నాము. అతిథులు వస్తారు, పత్రికలవారు వస్తారు, ‘మైనారిటీ కళాశాల పిల్లలు ఇంతే’ అని ఎవరైనా అంటారేమోనన్న భయం తండ్రి భయంవంటిది. దానిని మేము గౌరవిస్తాము. కాని ఆ భయం ఎక్కడికి దారితీస్తుందో ఆలోచించవలెనని ప్రార్థన. వేదికపై ఉర్దూ గజలుంటుంది, తెలుగు పద్యముంటుంది, ఇంగ్లీషు ఉపన్యాసముంటుంది. విద్యార్థి అమ్మతో మాట్లాడే భాష మాత్రం ఉండదు. అంటే అది చదువుకున్నవారి సమక్షానికి తగని భాష అని ఆ సాయంకాలమే అతనికి తెలిసిపోతుంది. రేపు ఇంటర్వ్యూలో “రెండు మాటలు చెప్పు” అని నవ్వేవానికి, “తగదు” అని మూసివేసిన మనకు తేడా ఏమి మిగులును? అతడు ఆ భాషను ఆటవస్తువుగా చూచినాడు, మనం అపచారంగా చూచినాము. భాషగా ఇద్దరమూ చూడలేదు.

అందుచేత మా విన్నపాలు ఇవి. వచ్చే వార్షికోత్సవంలో ఇరువది నిమిషాల దక్కనీ నాటికకు అవకాశమివ్వవలె. దాని ప్రతిని ఉర్దూ, తెలుగు అధ్యాపకులు ముందుగా చదివి, దూషణలుంటే తొలగించవచ్చును. అందుకు మాకు అభ్యంతరం లేదు. ఆ నాటికలో గాజులు చేసేవాడు, ఆటో నడిపేవాడు, రాత్రి చదువుకొనే విద్యార్థి, అందరినీ నోరు మూయించే నానమ్మ ఉండేటట్లు వ్రాసే బాధ్యత మాది. విద్యార్థినులకు కూడ అందులో నవ్వించే పాత్రలుండవలె. నవ్వడం వారి వంతు, నవ్వించడం మగవారి వంతు అనే ఏర్పాటు ఏ ధర్మంలోనూ లేదు. రెండవది, ఈ సంచిక ఉర్దూ విభాగంలో దక్కనీ రచనలను దిద్దకుండ యథాతథంగా ప్రచురించవలె. తెలుగు విభాగంలో తెలంగాణ మాటకు అదే మన్నన దక్కవలె. మూడవది, కులీ కుతుబ్ షానుండి సులేమాన్ ఖతీబ్ వరకు దక్కనీ సాహిత్యంపై ఏడాదికి ఒక్క ఉపన్యాసమైనా ఏర్పాటు చేయవలె. తాను మాట్లాడే మాటకు నాలుగు వందల ఏండ్ల వెనుక రాజు కట్టిన కవిత్వమున్నదని తెలిసిన విద్యార్థి, ఎదుటివాడు నవ్వినప్పుడు తలవంచుకోడు; తానూ నవ్వి, సమాధానం చెబుతాడు.

విద్యార్థి మిత్రులకు కూడ ఒక మాట. ఆ చిత్రాలను చూచి మాటలు బట్టీపట్టడంతో మన పని తీరదు. సలీం ఫేకును అనుకరించడం సులభం. అతని కోతలు విని నవ్వుతూ పక్కన కూర్చున్న మిత్రుని అనుకరించడం కష్టం. మొదటి సంవత్సరం విద్యార్థి జిల్లానుండి వచ్చి తన యాసలో మాట్లాడినప్పుడు వసతిగృహంలో మనమే వెక్కిరిస్తే, పరాయివాని నవ్వుపై ఫిర్యాదు చేసే అర్హత మనకుండదు. ‘నిన్న కాక మొన్న’ అనవలసిన చోటా ‘పర్సోం’, పదేండ్ల క్రిందటి సంగతికీ ‘పర్సోం’ అనే హైదరాబాదు కాలగణనను చూచి తెలుగు మిత్రులు నవ్వవచ్చును. తెలుగు మిత్రుని ఉర్దూలో లింగభేదం తారుమారైనప్పుడు మేమూ నవ్వుతాము. ఇచ్చిపుచ్చుకొనే నవ్వు అది. దానికి అప్పు లేదు, వడ్డీ లేదు.

తక్కువ ఖర్చుతో తీసిన ఒక చిన్న చిత్రంపై ఇంత చర్చ అవసరమా అని ఎవరైనా అడుగవచ్చును. పెద్ద చిత్రాలు మనలను మరిపింపజేస్తాయి. ఈ చిన్న చిత్రం మనలను గుర్తుచేసినది. అందులో లోపాలున్నవి. వాటిని సరిదిద్దవలసినది ఆ చిత్రాన్ని తీసినవారు కాదు, ఆ భాషను మాట్లాడే మనము. కలం మన చేతిలోనే ఉన్నది, వేదిక పెద్దల చేతిలో ఉన్నది. పెద్దలు తెర తీయించి మొదటి వరుసలో కూర్చుంటే, నవ్వించే బాధ్యతను మేము స్వీకరిస్తాము.